కొయ్యపై కంప్యూటరు ఉలి: సి.ఎన్.సి. వడ్రంగం నేర్చుకోదలచిన ఔత్సాహికులు తెలుసుకోవలసినవి

ప్రత్యేక వ్యాసం

నారాయణపేట: కొత్తగా కట్టిన ఇండ్ల గుమ్మాలపైన, పూజ గదుల తలుపులపైన, బీరువా పలకలపైన ఇప్పుడు కనిపిస్తున్న తీగలు, నెమళ్ళు, గంటల చెక్కడాలు చాలావరకు ఉలితో చెక్కినవి కావు. కంప్యూటరు చూపిన దారిలో నిమిషానికి వేల చుట్లు తిరుగుతూ సాగే చిన్న కోత ముక్క చెక్కినవి. ఈ పని చేసే యంత్రాన్ని సి.ఎన్.సి. రౌటరు అంటారు. కంప్యూటర్ న్యూమరికల్ కంట్రోల్ అన్న మాటకు ఇది పొడి అక్షరాల రూపం. సంఖ్యల ఆజ్ఞలతో యంత్రాన్ని నడపడం అని దీని అర్థం. పది పన్నెండేళ్ళ క్రితం నగరాలకే పరిమితమైన ఈ మాట నేడు చిన్న పట్టణాల వడ్రంగులకు, మేస్త్రీలకు, ఇల్లు కట్టుకునే వారికి సైతం అలవాటైపోయింది.

ఈ విషయమై పాత్రికేయ మిత్రులు తరచుగా రెండు ప్రశ్నలు అడుగుతున్నారు. యంత్రం వచ్చినందున వడ్రంగి పని పోతున్నదా అన్నది మొదటిది. ఇంజనీరింగు చదవని వారు, వడ్రంగం వృత్తిగా లేనివారు, కేవలం ఆసక్తితో దీనిని ఇంటివద్ద నేర్చుకోగలరా అన్నది రెండవది. మొదటి ప్రశ్నకు దాచకుండా సమాధానం చెప్పాలి. తలుపు చెక్కడం వంటి పనిలో చేతి పనివాని కూలి తగ్గింది. దాన్ని కాదనడం సరికాదు. అయితే కొయ్యను ఎంచడం, ఆరబెట్టడం, చట్రం కట్టడం, తలుపును గుమ్మంలో బిగించడం యంత్రానికి తెలియవు. రెండవ ప్రశ్నకు సమాధానం నేర్చుకోవచ్చుననే. కాని మొదట ఏది నేర్చుకోవాలి, తరువాత ఏది అన్న వరుస తప్పితే కాలం, ధనం రెండూ వృథా అవుతాయి. ఆ వరుసను వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

మగ్గం నుండి వచ్చిన ఆలోచన

భౌగోళిక గుర్తింపు పొందిన చేనేత చీరలకు నిలయమైన నారాయణపేటలో ఈ యంత్రం గురించి చెప్పడం ఒక విధంగా సులభం. రంధ్రాలు చేసిన అట్టలతో నేతలో బొమ్మను పలికించే జకార్డు పద్ధతిని ఫ్రాన్సు దేశంలోని లియాన్ నగరానికి చెందిన జోసెఫ్ మేరీ జకార్డు 1804లో రూపొందించారు. అట్టలో రంధ్రం ఉన్నచోట సూది లోపలికి పోతుంది, లేనిచోట ఆగుతుంది. దానిని బట్టి పడుగు పోగు లేస్తుంది లేదా కిందనే ఉంటుంది. మన పొరుగున ఉన్న గద్వాల చీరల అంచులు, కొంగుల నేతలో ఈ జకార్డు నేటికీ వాడుకలో ఉన్నది. అట్టల దండను మార్చితే బొమ్మ మారుతుంది, మగ్గం మారదు. పని చేసే సాధనం వేరు, పనిని నిర్దేశించే ఆజ్ఞల వరుస వేరు అన్న ఆలోచన అప్పుడే స్థిరపడింది.

అదే ఆలోచన లోహపు పనిలోకి రావడానికి దాదాపు నూట యాభై ఏళ్ళు పట్టింది. అమెరికాలోని మిషిగన్ రాష్ట్రానికి చెందిన జాన్ పార్సన్స్ అనే పారిశ్రామికుడు హెలికాప్టరు రెక్కల తయారీలో వంపులను సరిగా కొలిచేందుకు అట్టలపై పనిచేసే లెక్కల యంత్రాలను వాడారు. అక్కడి నుండి కోత యంత్రాన్నే సంఖ్యలతో నడపాలన్న ఆలోచన పుట్టింది. అమెరికా వైమానిక దళం ధనసహాయంతో, మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో 1952లో అటువంటి యంత్రాన్ని నడిపి చూపించారు. దానికి ఆజ్ఞలు అందించినది రంధ్రాలు చేసిన కాగితపు పట్టీయే. కాగితం స్థానంలో కంప్యూటరు వచ్చిన తరువాత దీని పేరు సి.ఎన్.సి. అయింది.

ఇటీవలి కాలం వరకు ఇది పెద్ద కర్మాగారాల సొత్తు. 2009లో నార్వేకు చెందిన సిమెన్ స్వాలే స్కోగ్స్‌రుడ్ 'గ్రబుల్' అన్న నియంత్రణ కార్యక్రమాన్ని రాసి ఉచితంగా విడుదల చేయడంతో పరిస్థితి మారింది. ఆర్డుయినో అనే చిన్న, చవకైన విద్యుత్ పలకపై ఇది పనిచేస్తుంది. అంతకు ముందు లక్షల రూపాయల నియంత్రణ పెట్టె చేసిన పనిని అరచేతిలో ఇమిడే పలక చేయనారంభించింది. ఔత్సాహికుల బల్లపైకి ఈ యంత్రం వచ్చినది ఆ విధంగానే.

బడి చదువు లేనివారు యంత్రాన్ని అర్థం చేసుకోగలరా అని సందేహించేవారు దక్షిణ తెలంగాణలోనే ఒక ఉదాహరణ చూడవచ్చు. ఆలేరు ప్రాంతం శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం ఆరవ తరగతితో చదువు మానిన చేనేత కుటుంబీకులు. పోచంపల్లి తరహా చీరకు ఆసు పోయడంలో తల్లి లక్ష్మి చేతిని ఒక్కో చీరకు దాదాపు 9,000 సార్లు అటూ ఇటూ తిప్పి భుజం నొప్పితో బాధపడడం చూసి, ఆ పనికి యంత్రం చేయాలని పూనుకున్నారు. ఏడేళ్ళు శ్రమించి 1999లో లక్ష్మీ ఆసు యంత్రాన్ని పూర్తి చేశారు. నాలుగైదు గంటల పని సుమారు గంటన్నరకు తగ్గింది. 2017లో ఆయనకు పద్మశ్రీ లభించింది. ఆయన చేసినది కొయ్య కోసే యంత్రం కాదు. కాని చేతి కదలికను పరిశీలించి, భాగాలుగా విడదీసి, ఒక్కో భాగాన్ని యంత్రానికి నేర్పడమే సి.ఎన్.సి. పనిలో కూడా అసలు విద్య.

యంత్రం పనిచేసే తీరు

బల్లపై పెట్టుకునే చిన్న సి.ఎన్.సి. రౌటరులో మూడు దిశల కదలికలు ఉంటాయి. ఎడమ నుండి కుడికి సాగేది ఎక్స్, ముందు వెనుకలకు సాగేది వై, పైకీ కిందికీ సాగేది జెడ్. ఒక్కో దిశకు ఒక స్టెప్పర్ మోటారు ఉంటుంది. సాధారణ మోటారు వలె ఇది ఆగకుండా తిరగదు. ఒక్కో విద్యుత్ తాకిడికి ఒక్కో మెట్టు చొప్పున తిరుగుతుంది. పూర్తి చుట్టుకు 200 మెట్లు. ఒక్కో మెట్టును నియంత్రణ పలక 16 చిన్న మెట్లుగా విభజిస్తే చుట్టుకు 3,200. ఆ చుట్టుకు మరసీల కడ్డీ 8 మిల్లీమీటర్లు నడిపిస్తే, ఒక్క మిల్లీమీటరుకు 400 చిన్న మెట్లు అన్నమాట. ఈ 400 అన్న సంఖ్యను యంత్రంలో నమోదు చేయాలి. కడ్డీ చుట్టుకు 4 మిల్లీమీటర్లే నడిచే రకమైతే నమోదు చేయవలసినది 800. ఇది తెలియక 400 వద్దే ఉంచితే, 100 మిల్లీమీటర్లు కదలమన్న యంత్రం 50 వద్ద ఆగిపోతుంది. కొత్తవారు యంత్రం చెడిపోయిందని అమ్మినవారితో తగవుపడేది తరచుగా ఇటువంటి చోటనే. స్కేలు పెట్టి కొలిస్తే తగవు తీరుతుంది.

అంగడిలో '3018' అన్న పేరుతో దొరికే చిన్న యంత్రాల పని స్థలం 300 మిల్లీమీటర్ల పొడవు, 180 మిల్లీమీటర్ల వెడల్పు. పేరులోని అంకెలు అవే. తలుపులు చేసే పెద్ద యంత్రాలను '1325' అంటారు. అంటే 1,300 మిల్లీమీటర్ల వెడల్పు, 2,500 మిల్లీమీటర్ల పొడవు. నాలుగు అడుగుల వెడల్పు, ఎనిమిది అడుగుల పొడవు గల ప్లైవుడ్ పలక అందులో పూర్తిగా పడుతుంది. మొదటి రకం ధర వేలలో ఉంటుంది, రెండవ రకం ధర లక్షలలో. మొదటిది ఇంటి ప్లగ్గుకు పెట్టినా నడుస్తుంది. రెండవ దానికి సాధారణంగా త్రీ ఫేజ్ విద్యుత్తు, పొడి లాగే యంత్రం, దుమ్ము బయటకు పోని గది కావాలి.

పని నాలుగు దశల్లో సాగుతుంది. మొదట కంప్యూటరులో బొమ్మ గీయాలి. ఇందుకు ఇంక్‌స్కేప్, ఫ్రీక్యాడ్ వంటి ఉచిత కార్యక్రమాలు చాలు. రెండవ దశలో ఆ బొమ్మను కోత దారిగా మార్చాలి. ఏ ముక్కతో, ఎంత లోతున, ఎంత వేగంతో కోయాలో చెప్పేది ఇక్కడే. మూడవ దశలో అది జి కోడ్ అనే ఆజ్ఞల పట్టికగా బయటకు వస్తుంది. నాలుగవ దశలో ఆ పట్టిక వరుస వెంట వరుసగా యంత్రానికి చేరుతుంది.

జి కోడ్ పేరు వినగానే కొందరు జంకుతారు. నిజానికి అందులో తరచుగా అవసరమయ్యే ఆజ్ఞలు పది పన్నెండుకు మించవు. జి21 అంటే కొలతలు మిల్లీమీటర్లలో అని. జి90 అంటే అన్ని దూరాలను ఒకే మూల బిందువు నుండి లెక్కించమని. జి0 అంటే కోయకుండా త్వరగా వెళ్ళమని, జి1 అంటే కోస్తూ తిన్నగా సాగమని, జి2, జి3 అంటే వంపు తిరగమని. ఎం3 కోత మోటారును తిప్పుతుంది, ఎం5 ఆపుతుంది. ఈ వ్యాసకర్త చదివినది కళల శాఖలో. గణితంతో పరిచయం పదవ తరగతితోనే ముగిసింది. అయినా రెండు సాయంత్రాలలో ఈ పట్టికను చదవడం వచ్చింది. చదవడం వచ్చినందువల్ల పనివాడైనట్లు కాదన్నది తరువాత తెలిసింది.

ముందు కొయ్య, తరువాత కంప్యూటరు

కొత్తవారు చేసే పెద్ద పొరపాటు యంత్రంతో మొదలుపెట్టడం. కొయ్య లోహం వలె అన్ని వైపులా ఒకే తీరుగా ఉండదు. దానికి పీచు ఉంటుంది. పీచు వెంట కోస్తే నునుపుగా వస్తుంది, అడ్డంగా కోస్తే అంచు చిట్లుతుంది, ఎదురు కోస్తే పెచ్చులు లేస్తాయి. చిత్రిక పట్టిన చేతికి ఈ తేడా వెంటనే తెలుస్తుంది. మౌసు పట్టిన చేతికి తెలియదు. అందువల్ల యంత్రం కొనడానికి ముందు రెండు మూడు నెలలు ఒక వడ్రంగి వద్ద కూర్చొని రంపం, చిత్రిక, ఉలి, మూలమట్టం వాడడం నేర్చుకోవడం మేలు. ఇది పాత పనిపై మమకారంతో చెప్పే మాట కాదు. పలక అడుగు భాగం చదునుగా లేకపోతే ఒక మూలన అక్షరం మూడు మిల్లీమీటర్ల లోతు, మరొక మూలన ఒక మిల్లీమీటరు లోతు పడుతుంది. యంత్రానికి తాను కోస్తున్నది వంకర పలక అని తెలిసే వీలు లేదు.

కొయ్య గాలిలోని తేమను పీల్చుకుంటుంది, వదులుతుంది. వేసవిలో వడగాడ్పులు వీచే ఈ ప్రాంతంలో పలక కుంచించుకుంటుంది, వానకాలంలో పొంగుతుంది. ఈ మార్పు పొడవు దిశలో నామమాత్రం, వెడల్పు దిశలో ఎక్కువ. మే నెలలో సరిగ్గా కూర్చున్న మూత ఆగస్టులో పెట్టెకు పట్టకపోవడానికి కారణం ఇదే. గాలికి ఆరబెట్టే కలపకు ఒక అంగుళం మందానికి సుమారు ఒక సంవత్సరం అన్నది వడ్రంగులలో ఉన్న పాత లెక్క. కోత మిల్లు నుండి తెచ్చిన పచ్చి కొయ్యను నేరుగా యంత్రంపై బిగిస్తే, చెక్కిన బొమ్మ కొద్ది వారాలలోనే బీటలు తీయవచ్చు.

ఏ కొయ్యతో మొదలుపెట్టాలి అన్నది మరొక ప్రశ్న. చేవదేరిన టేకు చక్కగా తెగుతుంది, కాని నేర్చుకునే దశలో చెడగొట్టడానికి అది ఖరీదైన కొయ్య. తుమ్మ గట్టిది, చిన్న యంత్రం దానితో పెనుగులాడుతుంది. వేపలో పీచు మెలికలు తిరిగి ఉండడం వల్ల అంచులు పెచ్చులు లేస్తాయి. మామిడి చవక, మధ్యస్థంగా తెగుతుంది. పొణికి కొయ్య మిక్కిలి తేలిక. నిర్మల్, కొండపల్లి బొమ్మలకు తరతరాలుగా వాడుతున్నది అదే. ఎం.డి.ఎఫ్. పలకకు పీచు దిశ లేనందున కొలతలు సరిచూసుకునే తొలి ప్రయత్నాలకు అది అనుకూలం. అయితే దాని పొడి మిక్కిలి సన్నం, అందులోని జిగురు ఆరోగ్యానికి మంచిది కాదు. ఏ కలపనైనా అనుమతి గల అడితి నుండి రశీదుతో కొనడం అవసరం. టేకు వంటి కలప రవాణాకు అటవీ శాఖ నియమాలు వర్తిస్తాయి.

కోత వేగం విషయంలో ఒక చిన్న లెక్క తెలిసి ఉండాలి. కోత ముక్కకు రెండు పళ్ళు ఉన్నవి, నిమిషానికి 10,000 చుట్లు తిరుగుతున్నది, ఒక్కో పన్ను 0.05 మిల్లీమీటరు కొయ్య తీయాలి అనుకుందాం. మూడింటినీ గుణిస్తే నిమిషానికి 1,000 మిల్లీమీటర్లు సాగాలని తేలుతుంది. భయంతో 200 వద్ద నడిపితే పన్ను కొయ్యను కోయదు, రాపిడి చేస్తుంది. ముక్క వేడెక్కి కొయ్య నల్లబడుతుంది, పొగ లేస్తుంది. నెమ్మదిగా పోవడం ఎల్లప్పుడూ క్షేమమన్న నమ్మకం ఇక్కడ పనికిరాదు. జాగ్రత్త వేగంలో కాక లోతులో చూపాలి. చిన్న యంత్రంపై ఒక విడతకు ఒక మిల్లీమీటరు, అంతకు తక్కువ లోతుతో ప్రారంభించడం మంచిది.

ఒక పేరు పలక కథ

ఈ వ్యాసకర్త ఒక మిత్రుని ఇంటిలోని చిన్న యంత్రంపై చేసిన మొదటి పని, 'నారాయణపేట' అని తెలుగులో చెక్కిన పలక. దాదాపు అడుగు పొడవు గల మామిడి చెక్క, నాలుగు మిల్లీమీటర్ల లోతు. తెలుగు లిపి గుండ్రనిది కనుక యంత్రానికి అనుకూలమని భావించాను. గుండ్రదనం అనుకూలమే. చిక్కు ఇతర చోట్ల ఎదురైంది.

మొదటి చిక్కు అక్షరాలతోనే. పట్టణంలోని డి.టి.పి. కేంద్రాలలో పెళ్ళిపత్రికలకు, ఫ్లెక్సీలకు వాడే అను లిపులు యూనికోడ్ కానివి. ఆ దస్త్రాన్ని ఇంటికి తెచ్చి తెరిస్తే అక్షరాలకు బదులు అర్థంలేని గుర్తులు కనిపించాయి. డి.టి.పి. కేంద్రంలోనే అక్షరాలను గీతలుగా మార్పించి తెచ్చుకోవాలి, లేదా యూనికోడ్ లిపితో ఇంటివద్దనే రాసి గీతలుగా మార్చుకోవాలి. రెండవ దారి మేలు. అప్పుడు కూడా తలకట్టు, గుడి, ఏత్వం వంటివి మూల అక్షరంపై వేరే గీతలుగా ఎక్కి ఉంటాయి. వాటిని కలిపి ఒకే ఆకారంగా చేయకపోతే యంత్రం కలిసిన చోట లోపలి గీతను కూడా కోస్తుంది. 'పే' అక్షరం ఏత్వం వద్ద నా పలకపై ఇదే జరిగింది.

రెండవ చిక్కు ముక్క మందం. యంత్రంతోపాటు వచ్చే కోత ముక్కల కాడ సాధారణంగా 3.175 మిల్లీమీటర్లు, అంటే అంగుళంలో ఎనిమిదో వంతు. ఆ మందమే గల ముక్క అంతకంటే ఇరుకైన సందులోకి పోలేదు. 'ణ' లోపలి మెలిక, 'య' మధ్య సందు మూసుకుపోయి, చదివితే వేరే ఊరి పేరు వలె కనిపించాయి. ఇటువంటి చోట రెండు దారులు ఉన్నవి. అక్షరాలను పెద్దవి చేయడం ఒకటి. పెద్ద ముక్కతో ఎక్కువ భాగం తీసి, ఒక మిల్లీమీటరు ముక్కతోగాని, మొన తేలిన వి ఆకారపు ముక్కతోగాని సందులు తీయడం మరొకటి. ఒత్తులున్న మాటలకు రెండవ దారి తప్పదు. ముక్క మార్చిన ప్రతిసారీ దాని మొన ఎత్తును మళ్ళీ సున్నాకు సరిచేయాలి. అది మరచినందువల్ల ఆ ఒక మిల్లీమీటరు ముక్క విరిగి చెక్కలోనే ఉండిపోయింది.

మూడవ చిక్కు విద్యుత్తు. పని సగంలో సరఫరా ఆగింది. తిరిగి వచ్చిన తరువాత యంత్రానికి తాను ఎక్కడ ఉన్నదీ తెలియలేదు. స్టెప్పర్ మోటారు మెట్లు లెక్కపెట్టుకుంటూ పోతుందే కాని, తన స్థానాన్ని చూసుకోదు. లెక్క పోతే స్థానమూ పోయినట్లే. చివరలకు చేరినప్పుడు తాకే స్విచ్చులు బిగించుకుంటే యంత్రం మళ్ళీ మూలకు వెళ్ళి లెక్క మొదటినుండి సరిచేసుకుంటుంది. కంప్యూటరుకు, యంత్రానికి కలిపి ఒక చిన్న యు.పి.ఎస్. పెట్టుకోవడం మన ప్రాంతంలో విలాసం కాదు.

నాలుగవ పలక చదవదగినట్లు వచ్చింది. మొదటి మూడింటినీ మిత్రుడు తన గోడకు తగిలించుకున్నాడు. వచ్చినవారికి వాటినే ముందుగా చూపుతాడు.

పొడి, చప్పుడు, నిప్పు

ఔత్సాహికులు ఎక్కువగా విస్మరించేది ఆరోగ్య రక్షణ. ప్రపంచ ఆరోగ్య సంస్థకు అనుబంధమైన అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ కొయ్య పొడిని మనుషులలో క్యాన్సరు కలిగించే పదార్థాల మొదటి వర్గంలో 1995లో చేర్చింది. ముఖ్యంగా ముక్కు, దాని చుట్టూ ఉండే గాలి గదులకు దీని వల్ల హాని. కంటికి కనిపించే రంపపు పొట్టు కంటే, కిటికీ వెలుగులో తేలే సన్నని పొడి ప్రమాదకరం. ముఖానికి చుట్టిన రుమాలు దానిని ఆపదు. కోత జరిగే చోటనే పొడిని లాగే ఏర్పాటు, సరిగా బిగిసే ఎన్-95 తరహా ముసుగు రెండూ ఉండాలి. పడక గదిలో, వంటింటి పక్కన ఈ యంత్రం పెట్టరాదు. పిల్లలున్న ఇంట్లో మరింత జాగ్రత్త అవసరం.

కళ్ళద్దాలు లేకుండా యంత్రం వద్ద నిలబడరాదు. విరిగిన ముక్క ఏ వైపు ఎగురుతుందో చెప్పలేము. చేతి తొడుగులు, వదులు చొక్కా చేతులు, మెడలోని కండువా తిరిగే భాగానికి చుట్టుకునే ప్రమాదం ఉన్నది. చేతికి రక్షణ అని తొడుగులు వేసుకోవడం ఇక్కడ పొరపాటు. పలకను బల్లకు గట్టిగా బిగించాలి. పూర్తిగా కోసి విడదీసే ముక్కలకు అక్కడక్కడ చిన్న వంతెనలు వదలాలి. లేకపోతే చివరి కోతలో విడివడిన ముక్క కోత ముక్కకు తగిలి ఎగిరిపడుతుంది. యంత్రాన్ని నడిపించి టీ తాగడానికి వెళ్ళడం అసలే కూడదు. రాపిడితో వేడెక్కిన ముక్క పొట్టుకు నిప్పంటించగలదు. అత్యవసరంగా ఆపే ఎర్ర మీట చేతికి అందే చోట ఉండాలి. కోత మోటారు వెనుక ఉన్న మీట వంగి అందుకోవలసినది అయితే అది లేనట్లే.

ఎక్కడ నేర్చుకోవాలి, ఎంత ఖర్చుపెట్టాలి

యంత్రం కొనకుండానే నేర్చుకునే అవకాశం రాష్ట్రంలో ఉన్నది. హైదరాబాదు రాయదుర్గంలో 78,000 చదరపు అడుగుల విస్తీర్ణంలో ఏర్పాటైన టి-వర్క్స్ 2023 మార్చి 2న ప్రారంభమైంది. నమూనాలు తయారు చేసుకునే వారికి ఉద్దేశించిన ఈ కేంద్రంలో కొయ్య పని విభాగం, లేజరు కోత, లోహపు పని యంత్రాలు ఉన్నవి. రుసుము, ముందుగా సమయం తీసుకునే పద్ధతి విచారించి వెళ్ళడం మంచిది. నారాయణపేట నుండి రానుపోను రోజంతా పట్టే ప్రయాణం కనుక, బొమ్మను, కోత దారిని ఇంటివద్దనే సిద్ధం చేసుకుని వెళితే అక్కడ గడిపే గంటలు కోతకే వినియోగపడతాయి. బాలానగర్‌లోని సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ 1968లో ఏర్పడిన సంస్థ. అక్కడి సి.ఎన్.సి. శిక్షణ ప్రధానంగా లోహపు పనికి సంబంధించినది. కాని ఆజ్ఞల భాష ఒకటే కావడం వల్ల దీనినే జీవనోపాధిగా ఎంచుకోదలచిన వారికి ఉపయోగిస్తుంది.

రాష్ట్రంలోని 65 ప్రభుత్వ ఐ.టి.ఐ.లను అధునాతన సాంకేతిక కేంద్రాలుగా తీర్చిదిద్దే కార్యక్రమానికి 2024 జూన్ 18న మల్లేపల్లి ఐ.టి.ఐ.లో శంకుస్థాపన జరిగింది. టాటా టెక్నాలజీస్ భాగస్వామ్యంతో చేపట్టిన ఈ కార్యక్రమం అంచనా వ్యయం రూ. 2,324 కోట్లు. అడ్వాన్స్‌డ్ సి.ఎన్.సి. మెషినింగ్ టెక్నీషియన్, ఆర్టిసాన్ యూజింగ్ అడ్వాన్స్‌డ్ టూల్ వంటి కోర్సులు ఇందులో ఉన్నవి. రెండవది చేతి వృత్తుల వారి పిల్లలు ప్రత్యేకంగా గమనించవలసినది. పదవ తరగతి పూర్తి చేసిన వారు తమ సమీప ప్రభుత్వ ఐ.టి.ఐ.లో ఈ కోర్సుల లభ్యతను విచారించవచ్చు.

ఖర్చు విషయంలో ఒక మాట స్పష్టంగా చెప్పవలసి ఉన్నది. వడ్డీకి అప్పు తెచ్చి నేరుగా పెద్ద యంత్రం కొనడం, తరువాత దానిపై నేర్చుకోవచ్చునని అనుకోవడం కొత్తవారికి ఏమాత్రం తగదు. యంత్రం వచ్చిన మరునాటి నుండి వాయిదా లెక్క నడుస్తుంది. చేతికి పని రావడానికి నెలలు పడుతుంది. ఈ రెండు కాలాల మధ్య వ్యత్యాసమే కుటుంబాలను ఇబ్బందుల పాలు చేసేది. యంత్రం అమ్మేవారు ఒక రోజు చూపించే పనిని శిక్షణగా భావించరాదు. కొనే ముందు తమ సొంత బొమ్మను, తమ సొంత కొయ్యపై, తమ ఎదుట కోయించి చూడాలి. విడి భాగాలు ఎక్కడ దొరుకుతాయో, చెడిపోతే ఎవరు వస్తారో, ఎన్ని రోజులలో వస్తారో కాగితంపై రాయించుకోవాలి. ఔత్సాహికులు అయితే చిన్న యంత్రాన్ని కూడా ఇద్దరు ముగ్గురు కలిసి కొనుక్కోవడం ఉచితం. ప్రతి ఇంట్లో ఒకటి ఉండవలసిన వస్తువు కాదు ఇది.

ప్రధానమంత్రి విశ్వకర్మ పథకం కింద ఈ యంత్రాలు ఇస్తారా అని కూడా అడుగుతున్నారు. 2023 సెప్టెంబరు 17న ప్రారంభమైన ఈ పథకం వడ్రంగంతో సహా 18 సంప్రదాయ వృత్తులకు వర్తిస్తుంది. ప్రాథమిక శిక్షణ అయిదు నుండి ఏడు రోజులు, శిక్షణ కాలంలో రోజుకు రూ. 500 భత్యం, పనిముట్ల కోసం రూ. 15,000 వరకు ప్రోత్సాహకం, రెండు విడతలలో మొత్తం రూ. 3 లక్షల వరకు 5 శాతం వడ్డీపై రుణం ఇందులోని ముఖ్యాంశాలు. 18 ఏళ్ళు నిండి, చేతితో, పనిముట్లతో ఆ వృత్తిని స్వయం ఉపాధిగా చేస్తున్నవారు మాత్రమే అర్హులు. కుటుంబంలో ఒక్కరికే అవకాశం. సరదాగా నేర్చుకునే వారికి ఇది వర్తించదు. వృత్తిలో ఉన్న వడ్రంగులు ఆధార్‌తో కామన్ సర్వీస్ సెంటరులో నమోదు చేసుకోవచ్చు. పదిహేను వేల రూపాయలకు పెద్ద సి.ఎన్.సి. యంత్రం వస్తుందన్నట్లుగా వార్తలు రాయడం వారిని తప్పుదారి పట్టిస్తుంది. ఆ మొత్తంతో మంచి చేతి రౌటరు, పట్టులు, కొలత సాధనాలు వస్తాయి. సి.ఎన్.సి. వైపు పోదలచిన వడ్రంగికి అవి సరైన మొదటి మెట్టే.

పాత్రికేయ మిత్రులకు మరొక మనవి. కార్ఖానాలకు వెళ్ళినప్పుడు ఫొటో బాగా రావాలని కోత ముక్క చుట్టూ ఉన్న పొడి తొడుగును తీయించవద్దు, నడుస్తున్న యంత్రంపై పనివానిని చేయి ఉంచమనవద్దు. యంత్రాన్ని ఆపించి, ముక్కను పలకకు దగ్గరగా దింపి తీసిన ఫొటో పత్రికలో అంతే బాగుంటుంది.